వాసన పరీక్షకు వెళ్లే ముందు

ముక్కు వాసనలను ఎంతవరకు గుర్తుపడుతోందో చూసేదే ఈ పరీక్ష. జలుబుంటే వాయిదా వేయండి. ముక్కు దిబ్బడలో వచ్చిన స్కోరును నమ్మలేం. చివరి పావుగంట మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు; ఇరానీ చాయ్, సిగరెట్ అన్నీ పరీక్ష అయ్యాకే. అత్తరు పూసుకుని వెళ్లకండి.

అసలు చూడాల్సింది కిట్. ఎక్స్‌పైరీ తేదీ సరే, లోపలి వాసనలేంటో కూడా అడగండి. 1984లో అమెరికాలో వచ్చిన కాగితం మీది పట్టీని గీకి వాసన చూసే పరీక్షలో 40 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. వాసనే తెలియనివాళ్లు గుడ్డిగా టిక్ పెట్టినా సగటున 10 మార్కులు వస్తాయి, కాబట్టి 10 చూసి సంబరపడొద్దు. అందులో రూట్ బీర్ అనే అమెరికన్ కూల్‌డ్రింక్ వాసనొకటి! మలక్‌పేటలో ఉండే మన పెద్దమ్మకు అదెలా తెలుస్తుంది? ముక్కు బాగున్నా మార్కు పోతుంది.

మళ్లీ చేయించుకుంటే అదే రకం కిట్‌తోనే పోల్చండి.