ఎండల్లో గోడలకు ప్లాస్టరింగ్ మొదలుపెట్టే ముందు

ఉగాది దాటిందంటే నల్లగొండ, పాలమూరు దిక్కు ఎక్కడ చూసినా ప్లాస్టరింగ్ పనులే. మేస్త్రీ మాలు (సిమెంటు, ఇసుక, నీళ్ల ముద్ద) కలపకముందే ఇవి చూసుకోండి.

– గోడను ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఇంకోసారి తడపండి. ఎండిన ఎర్ర ఇటుక మాలులోని నీళ్లన్నీ పీల్చేస్తది, సిమెంటు గట్టిపడదు. తర్వాత తాపీ పిడితో కొడితే డొల్ల మోత వస్తది. అట్ల మోగినంత మేర పగలగొట్టి మళ్లీ చేసుడే. సిమెంటు ఇటుకైతే పైపైన చల్లితే చాలు, నీళ్లు కారుతుంటే మాలు జారుతది.

– పిల్లరు, ఇటుక కలిసే చోట చికెన్ మెష్ (సన్న తీగల జాలి) కొట్టించండి, అటు ఇటు 15 సెంటీమీటర్లు. లేకుంటే నిలువు పగులు ఖాయం. కాంక్రీటుకు గాట్లు కూడా పెట్టాలి.

– గోడలోపలి నీళ్ల పైపులకు ప్రెషర్ టెస్టు, కరెంటు పైపులు, బాక్సుల బిగింపు ముందే అయిపోవాలి.

– ఇసుక జల్లెడ పట్టాలి. సీసాలో సగం ఇసుక, ఉప్పునీళ్లు పోసి ఊపి మూడు గంటలు ఉంచండి. ఇసుక మీద మట్టి పొర మందంగా పేరుకుంటే ఆ లోడు వద్దు. రోబో శాండ్ (రాయి పొడి చేసిన ఇసుక) అయితే ప్లాస్టరింగ్‌కని అమ్మేదే తెప్పించండి.

– సిమెంటు, ఇసుక పాళ్లు లోపలి గోడకు 1:6, స్లాబు కిందికి 1:4. గోడకు మందం 12 మిల్లీమీటర్లు. 20 దాటేచోట రెండు కోటింగులు.

– నునుపు కోసం పొడి సిమెంటు చల్లనియ్యొద్దు. ఆ రోజు అద్దంలా ఉంటది, తర్వాత వెంట్రుక పగుళ్లే.

– ఏడు రోజుల క్యూరింగ్‌కు (ప్లాస్టరింగ్‌ను తడుపుతూ ఉంచేందుకు) నీళ్లు, మనిషి ఇప్పుడే చూసుకోండి.