ఆర్కిటిక్ ఎప్పటి నుంచి వేడెక్కుతోందో సముద్రపు బురదలో చదవడం ఎలా

గ్రీన్‌లాండ్‌కూ స్వాల్‌బార్డ్ ద్వీపాలకూ నడుమ ఉన్న ఫ్రామ్ జలసంధిలో రెండు ప్రవాహాలు పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో సాగుతాయి. తూర్పు అంచున స్వాల్‌బార్డ్‌ను ఒరుసుకుంటూ అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని ఉప్పునీరు ఉత్తరానికి పోతుంది. పడమటి అంచున ఉప్పదనం తక్కువగా ఉన్న చల్లని నీరు మంచుగడ్డలను మోసుకుంటూ దక్షిణానికి దిగుతుంది. తూర్పు ప్రవాహంలోని నీరు ఎప్పటి నుంచి, ఎంత వేడెక్కిందో తెలుసుకోవడం ఆర్కిటిక్ వాతావరణ చరిత్రలో కీలకమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు సముద్రం అడుగున పేరుకున్న బురద నుంచి సమాధానం రాబట్టే పద్ధతిని, అందులో చేయి జారే చోట్లతో సహా, భూగర్భశాస్త్రం లేదా సముద్రశాస్త్రం చదువుతున్న విద్యార్థుల కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

బురద దాకా ఎందుకు వెళ్లాలంటే, థర్మామీటర్లు ఆలస్యంగా వచ్చాయి. జలసంధికి అడ్డంగా 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం చెంత లంగరు వేసిన పరికరాలు ఏడాది పొడవునా ఉష్ణోగ్రతను నమోదు చేయడం 1997లో మొదలైంది. స్వాల్‌బార్డ్ పడమటి తీరంలోని ఇస్‌ఫ్యోర్డ్‌లో (ఫ్యోర్డ్ అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయ) 1912 నుంచి కొలతలు ఉన్నాయి గానీ వాటి నడుమ ఖాళీలు ఎక్కువ. ఇంకా వెనక్కి వెళితే 1893-96 మధ్య ఫ్రామ్ నౌకలో మంచుతోపాటు కొట్టుకుపోతూ నార్వే అన్వేషకుడు నాన్సెన్ తీసుకున్న కొలతలే దిక్కు. పైన ఉన్న గడ్డకట్టే చలినీటి పొర కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని నీరు ఉందని తెలిసింది ఆ కొలతలతోనే. జలసంధికి ఆ నౌక పేరే పెట్టారు.

ముందుగా ప్రశ్నను బిగించుకోవాలి. "గతంలో ఎంత వేడిగా ఉండేది" అని మొదలుపెడితే పని ఎటూ తెమలదు. "ఈ వేడెక్కడం ఏ దశాబ్దంలో మొదలైంది" అని అడిగితే ఎక్కడ తవ్వాలో, ఎంత మందాన పొరలు కోయాలో, ఏ కాలనిర్ణయ పద్ధతి వాడాలో ఆ ప్రశ్నే చెబుతుంది.

చోటు ఎంపికలో చూడవలసిన మొదటి సంగతి బురద పేరుకునే వేగం. మధ్య ఆర్కిటిక్‌లో చాలా చోట్ల వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల బురదే చేరుతుంది కనుక, అక్కడ ఇరవయ్యో శతాబ్దమంతా వేలిగోరంత మందంలో ఇరుక్కుపోతుంది. స్వాల్‌బార్డ్‌లోని కాంగ్స్‌ఫ్యోర్డ్ వంటి చోట హిమానీనదాలు మట్టిని దించుతుండటం వల్ల పొరలు ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కలో పెరుగుతాయి. పైగా ఆ ఫ్యోర్డ్ ముఖద్వారంలో అడ్డుగట్టు లేకపోవడం వల్ల అట్లాంటిక్ నీరు నేరుగా లోపలికి రాగలదు. అయితే హిమానీనదం ముఖానికి మరీ దగ్గరగా వెళితే కరిగిన మంచునీరు, కొట్టుకొచ్చిన రాళ్లు సంకేతాన్ని చెరిపేస్తాయి. అందుకే ముఖద్వారం వైపు ఉన్న లోతైన చోటు మేలు.

కోర్, అంటే అడుగు బురదలోకి గొట్టం దింపి పొరలు చెదరకుండా తీసిన నిలువు నమూనా, తీయడానికి రెండు పరికరాలు కావాలి. బరువుతో దిగే గొట్టం, అంటే గ్రావిటీ కోరర్, మీటర్ల లోతుకు పోతుంది గానీ అడుగును తాకే వేగానికి పైనున్న మెత్తటి బురదను చెదరగొడుతుంది. మనకు కావలసిన గత వందేళ్లు ఉండేది సరిగ్గా అక్కడే. అందువల్ల అదే చోట పై పొరను కదలకుండా పట్టుకునే మల్టీకోరర్‌ను కూడా దించి, రెండు కోర్‌లలోని పొరల రంగును, సాంద్రతను, రసాయనాలను పోల్చి ఒకే కాలక్రమంలోకి తేవాలి. పొరలను అర సెంటీమీటరు మందాన కోసేటప్పుడు, గొట్టం గోడకు రాసుకుని కిందికి ఈడ్చుకుపోయిన అంచు బురదను గీరి పారేయాలి. సేంద్రియ అణువుల కోసం ఉద్దేశించిన భాగాన్ని ప్లాస్టిక్‌కు తగలనివ్వకుండా గాజు సీసాలో వేసి గడ్డకట్టించి ఉంచాలి.

ఇక కాలనిర్ణయం. నా అభిప్రాయంలో ఈ పని మొత్తానికీ ఇదే ఆయువుపట్టు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా వాదన నిలుస్తుంది గానీ, తేదీ ముప్పై ఏళ్లు తప్పితే కారణమే మారిపోతుంది. పై పొరలకు సీసం-210 అనే రేడియోధార్మిక సీసాన్ని వాడతారు. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, సుమారు 22 ఏళ్లు కనుక ఐదారు అర్ధాయువులు గడిచేసరికి, అంటే 110-130 ఏళ్ల వెనక్కి వెళ్లేసరికి, కొలవడానికి పెద్దగా ఏమీ మిగలదు. దానికి తోడుగా సీజియం-137ను చూస్తారు. వాతావరణంలో జరిపిన అణుపరీక్షల ధూళి 1963 ప్రాంతంలో శిఖరానికి చేరింది కాబట్టి, బురదలో ఆ శిఖరం కనిపించిన పొరను ఆనవాలుగా పట్టుకుని సీసం లెక్కను సరిచూసుకోవచ్చు. లోతు పొరలకు గవ్వలలోని కార్బన్-14 ఉంది గానీ, సముద్రపు నీటిలోని కార్బన్ కొన్ని వందల ఏళ్ల పాతది కనుక నిన్న చచ్చిన గవ్వ కూడా ముసలిదిగా కనిపిస్తుంది. ఆ తేడాను మెరైన్20 అనే సవరణ రేఖతోనూ, స్థానికంగా కొలిచిన అదనపు తేడాతోనూ సరిదిద్దుకోవాలి.

ఇప్పుడు ఇబ్బంది ఎక్కడుందో చూడండి. సీసం-210 మసకబారేది 1900 చుట్టుపక్కల. కార్బన్-14 లెక్కలో దశాబ్దాల అనిశ్చితి తప్పనిది కూడా ఆ కాలానికే. మనం అడిగిన ప్రశ్నకు జవాబు ఉండేది కూడా ఈ రెండు పద్ధతుల అతుకులోనే. అందుచేత అతుకుకు పైనా కిందా ఒక్కొక్క తేదీతో సరిపెట్టుకోకుండా, వీలైనన్ని నమూనాలకు తేదీలు కొలిపించి, ప్రతి పొరకూ ఒకే సంవత్సరం కాక ఒక అవధిని ఇచ్చే గణాంక నమూనాను వాడాలి. డబ్బు పరిమితంగా ఉంటే ఉష్ణోగ్రత కొలతలు తగ్గించుకోండి గానీ తేదీలు తగ్గించుకోవద్దు.

ఉష్ణోగ్రత విషయంలో బురద చెప్పేదంతా పరోక్షమే. ఆరిన బురదను 63 మైక్రాన్ల జల్లెడలో కడిగితే బంకమన్ను పోయి, ఇసుక రేణువులతోపాటు ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల సున్నపు గవ్వలు మిగులుతాయి. సూక్ష్మదర్శిని కింద నల్లని పళ్లెంలో పరిచి, తడిపిన సన్నని కుంచె కొసతో ఒక్కొక్కటిగా ఏరాలి. బొంబాయి రవ్వ గింజలో సగం కూడా ఉండని ఆ గవ్వలలో ఇక్కడ రెండు జాతులు ముఖ్యం. నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మా చివరి చుట్టులో సాధారణంగా నాలుగు గదులు దగ్గరగా బిగిసి, మందపాటి పెంకుతో పటికబెల్లం పలుకులా మెరుస్తుంది. ఇది ధ్రువప్రాంతపు చలినీటి జీవి. టర్బొరొటాలిటా క్వింక్వెలోబాకు ఐదు గదులు, పలుచని పెంకు. అట్లాంటిక్ నీటి ప్రభావం పెరిగినచోట దీని వాటా పెరుగుతుంది. ప్రతి పొరలో కనీసం 300 గవ్వలను లెక్కించాలి. జల్లెడ కన్ను విషయంలో జాగ్రత్త అవసరం: ఇతర సముద్రాలలో వాడే 150 మైక్రాన్ల జల్లెడను నేను మొదట్లో అలవాటుగా వాడితే, చిన్నదైన క్వింక్వెలోబా చాలావరకు నీళ్లతో పోయి, వెచ్చని కాలాలన్నీ చల్లగా కనిపించాయి. ఇక్కడ 100 మైక్రాన్లే తగినది.

అవే గవ్వలలో కాల్షియంకు మెగ్నీషియం ఎంత నిష్పత్తిలో ఉందో కొలిస్తే నీటి ఉష్ణోగ్రత అంచనాకు వస్తుంది. గవ్వ గదులలో చిక్కిన బంకమన్నులో కూడా మెగ్నీషియం ఉంటుంది కనుక శుభ్రపరచడంలో బద్ధకిస్తే లేని వేడి పుట్టుకొస్తుంది. సుమారు 3 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లని నీటిలో ఈ పద్ధతిపై నమ్మకం కూడా తగ్గుతుంది. ఆక్సిజన్ ఐసోటోపులది, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాలది, మరో రకం మాయ. నీరు వేడెక్కితే గవ్వలో ఆక్సిజన్-18 తగ్గుతుంది, కానీ హిమానీనదం కరిగిన నీరు కలిసినా తగ్గుతుంది. అందుకే ఫ్యోర్డ్‌లో ఐసోటోపులను ఒంటరి సాక్షిగా నిలబెట్టరాదు.

మంచు సంగతి తెలియాలంటే సముద్రపు మంచు అడుగున పెరిగే డయాటమ్‌లు అనే ఏకకణ శైవలాలు తయారుచేసే ఐపీ25 అనే అణువును వెతకాలి. అది కనిపిస్తే వసంతంలో మంచు ఉండేదని అర్థం. కనిపించకపోతే మాత్రం అసలు మంచే లేదనైనా కావచ్చు, వెలుతురు దిగనంత మందంగా ఏడాదంతా కప్పేసి ఉందనైనా కావచ్చు. ఈ ముడి విప్పడానికి తెరచిన నీటిలో పెరిగే వృక్షప్లవకాలు తయారుచేసే స్టెరాల్‌లు అనే అణువులను కూడా కొలిచి రెంటినీ కలిపి చదువుతారు.

పరస్పరం సంబంధం లేని రెండు పద్ధతులు ఒకే మాట చెప్పినప్పుడే ఫలితాన్ని నమ్మడం మంచి అలవాటు. పడమటి స్వాల్‌బార్డ్ అంచున తీసిన కోర్‌పై 2011లో వెలువడిన అధ్యయనం గవ్వల జాతుల లెక్కనూ మెగ్నీషియం నిష్పత్తినీ విడివిడిగా వాడి, ఇటీవలి అట్లాంటిక్ నీరు గత 2,000 ఏళ్లలో ఎన్నడూ లేనంత వెచ్చగా ఉందని తేల్చింది. కాంగ్స్‌ఫ్యోర్డ్ బురదపై 2021లో వెలువడిన అధ్యయనం 800 ఏళ్ల చరిత్రను పరిశీలించి, వేడీ ఉప్పదనమూ పెరగడం ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలోనే, అంటే లంగరు పరికరాలకు చాలా ముందే, మొదలైందనీ, 1900 తర్వాత పెరుగుదల సుమారు 2 డిగ్రీలనీ చెప్పింది. కంప్యూటర్ వాతావరణ నమూనాలు ఆ తొలి మార్పును సరిగా చూపలేకపోవడం ఆ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం. గతాన్ని పట్టలేని నమూనా ముందుకాలానికి చెప్పే అంకెను ఎంతవరకు నమ్మాలన్నది అక్కడే తేలాలి.

ఫలితాన్ని రాసేటప్పుడు రెండు తొందరపాట్లు మానుకోవాలి. మొదటిది, నీటి ఉష్ణోగ్రత పెరిగిందంటే ఆర్కిటిక్‌కు చేరే వేడి అంతే పెరిగిందని రాయడం: వేడి ఎంత చేరుతుందన్నది ఉష్ణోగ్రతపైనా, ప్రవహించే నీటి పరిమాణంపైనా ఆధారపడి ఉంటుంది, గవ్వలు చెప్పేది మొదటిదే. రెండవది, 1900 నాటి ప్రారంభాన్ని పూర్తిగా హరితగృహ వాయువులకో, పూర్తిగా సహజ కారణాలకో అంటగట్టడం. చిన్న మంచుయుగం అనే కొన్ని శతాబ్దాల చలికాలపు ముగింపు, ఉత్తర అట్లాంటిక్ ప్రవాహాల మార్పు ఆ కాలంలో కలిసి నడిచాయి. నేటి భూతాపానికి మానవ కారణమన్నది వేరే బలమైన ఆధారాలతో రుజువైంది, ఒక ఫ్యోర్డ్ కోర్ మీద ఆ భారం మోపనక్కరలేదు.

నౌక ఎక్కే అవకాశం లేనివారు కూడా ఈ పని మొదలుపెట్టవచ్చు. పాంజియా అనే జర్మన్ దత్తాంశ భాండాగారంలో వేలాది కోర్‌ల కొలతలు ఉచితంగా దొరుకుతాయి. పాత కోర్ ఒకదాని కార్బన్ తేదీలను మెరైన్20తో మళ్లీ సవరించి కాలక్రమం ఎంత జరిగిందో చూడటమే ఒక సెమిస్టరుకు సరిపడే ప్రాజెక్టు. వర్తమానంతో పోల్చడానికి మన దేశపు కొలతలు కూడా ఉన్నాయి. కాంగ్స్‌ఫ్యోర్డ్ ఒడ్డున నీ-ఒలేసుండ్‌లో 2008 నుంచి భారత పరిశోధనా కేంద్రం హిమాద్రి పనిచేస్తోంది. 2014లో అదే ఫ్యోర్డ్‌లో దింపిన ఇండార్క్ అనే లంగరు పరికరం గోవా, చెన్నై సంస్థలతోపాటు హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తల ఉమ్మడి కృషి.

చివరి పని ఒకటి ఉంది, దానిని చాలామంది మరచిపోతారు. కోర్‌ను నిలువునా చీల్చినప్పుడు ఒక సగాన్ని ముట్టుకోకుండా, పై కొస ఏదో కింది కొస ఏదో స్పష్టంగా రాసి, చల్లని గదిలో భద్రపరచాలి. ఐపీ25ను గుర్తించినది 2007లో. రెండేళ్ల తర్వాత ఫ్రామ్ జలసంధిలో 30,000 ఏళ్ల మంచు చరిత్రను దాని సాయంతో చదివిన కోర్, ఆ అణువు సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో తీసి దాచినది.