పద్య నాటకం సెలెక్షన్‌కు పోయే ముందు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏ కళా సమితి పద్య నాటకం తలపెట్టినా నటుల సెలెక్షన్ తీరు దాదాపు ఒకటే. ఒక పద్యం, నాలుగు డైలాగులు, వీలుంటే ఒక పాట. మనిషికి పది నిమిషాలు దొరికితే ఎక్కువ. నాటకం కాళోజీ కళాక్షేత్రంలో ఆడినా సెలెక్షన్ మాత్రం ఏ బడి గదిలోనో, ఖాళీగా ఉన్న ఫంక్షన్ హాల్లోనో పెడతారు. మంచి గొంతు ఉండి కూడా వెనక్కి వచ్చేవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల దెబ్బతింటారు: శృతి (పాడేటప్పుడు ఆధారంగా పట్టే స్వరం) దగ్గర, మాట దగ్గర.

గదిలో అడుగు పెట్టగానే హార్మోనిస్టు అడిగే మొదటి ప్రశ్న "శృతి ఎంత?" జవాబు ఒక్క మాటలో రావాలి. "మీరే చూడండి సార్" అంటే ఆయన హార్మోనియం మీద ఏదో ఒక మెట్టు (కీ) పట్టిస్తాడు, అది మీ గొంతుకు కుదరదు, పద్యం సగంలో మార్చుకోవాల్సి వస్తుంది. ఫోన్‌లో తంబూరా యాప్ వేసుకుని ఇంటి దగ్గరే తేల్చుకోండి. యాప్‌లో సి అని ఉంటే ఒకటి శృతి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు. నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర. మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు, కాబట్టి మూడున్నర శృతి అనేదే లేదు. ఆ మాట మీ నోటి నుంచి వచ్చిందంటే హార్మోనిస్టు మిగతాదంతా ఊహించుకుంటాడు.

తేల్చుకునే పద్ధతి ఇది. ఒకటితో మొదలుపెట్టి పై షడ్జమం (సా) మీద పది సెకన్లు నిలవండి, తర్వాత పై గాంధారం (గా) తాకండి. హాయిగా వస్తే అర, అంటే పక్క మెట్టుకు (మూడు తర్వాత నాలుగుకు), పెంచండి. గడ్డం పైకి లేచినా, మెడ నరాలు ఉబ్బినా అక్కడ ఆగి ఒక అర కిందికి దిగండి. అదే మీ శృతి. నలుగురి ముందు నిలబడ్డప్పుడు ఊపిరి చిన్నదవుతుంది, ఆ అర వెసులుబాటు అప్పుడు పనికొస్తుంది. కింది పంచమం (పా) కూడా గది చివర కూర్చున్నవాళ్లకు వినబడాలి. మైకులు లేని కాలంలో నాటకాలవాళ్లు ఎత్తు శృతిలో పాడేవారు, ఇప్పుడు మీరు ఆ సాహసం చేయక్కర్లేదు. ఇంకొకటి: ఆడ, మగ కలిసి పాడే యుగళం ఉంటే ఇద్దరూ ఒకే శృతికి రావాలి. అందుకని మీ శృతికి ఒక అర పైన, ఒక అర కింద కూడా పాడి చూసుకుని వెళ్లండి.

పద్యం ఎంపికలో చాలామంది రాయబారం సీను వైపే పోతారు. ఆ పద్యాలు జడ్జీలు చిన్నప్పటి నుంచి వింటున్నవి, పేరుమోసిన నటుల పోకడలతో సహా వాళ్లకు కంఠతా వచ్చు. ఆ నటుల సంగతుల్ని (రాగంలో వేసే విరుపుల్ని) అనుకరిస్తే పోలికలో ఓడిపోతారు. ఏదైనా పాడొచ్చు అన్నప్పుడు పోతన పద్యం తీసుకోవడం తెలివైన పని, అందులోనూ బమ్మెర మనకు పక్కనే. కానీ సీసం జోలికి పోకండి. చివర వచ్చే చిన్న పద్యం ఎత్తుగీతితో కలిపి అచ్చులో పన్నెండు వరుసలు ఉంటుంది, మీరు సగానికి రాకముందే "చాలు" అంటారు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, వీటిలో ఏదైనా సరే, నాలుగే పాదాలు. రాగంతో కలిపి రెండు నిమిషాల్లో ముగించండి. ముందు తీసే ఆలాపన పదిహేను సెకన్లు చాలు. మోహన రాగం అని చెప్పి ఆలాపనలో ఆ రాగంలో లేని నిషాదం (ని) తగిలించారంటే, అది పొరపాటున తగిలినా రాగం తెలియదనే రాసుకుంటారు.

ఇక మాట. రాగం మొదలుపెట్టే ముందు పద్యాన్ని వచనంలా, అర్థం తెలిసేలా ఓ వారం రోజులు చదవండి. ప్రతిపదార్థం తెలియకుండా పాడితే ఎక్కడ విరవాలో తెలియదు. యతి అంటే పాదం మొదటి అక్షరానికి సరిపోయే అక్షరం వచ్చే చోటు; ఉత్పలమాలలో అది పదో అక్షరం దగ్గర, శార్దూలంలో పదమూడో అక్షరం దగ్గర పడుతుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే ఊపిరి తీసుకుంటారు, అక్కడ మాట పూర్తయి ఉండాలన్న నియమమేమీ లేదు. పాదం చివర కూడా అంతే, మాట పై పాదంలో మొదలై కింది పాదంలో ముగుస్తుంది. "రణరంగమధ్యమున" అనేది "రణరం" దగ్గర తెగితే విన్నవాళ్లు నవ్వు ఆపుకోలేరు. ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుని, రోజూ అక్కడే తీసుకోండి.

సాగదీయడంలో ఇంకో ప్రమాదం ఉంది. సంగతి వేయాలంటే దీర్ఘాక్షరం మీద వేయాలి. హ్రస్వాన్ని లాగితే అర్థమే మారుతుంది: "సుతుడు" అన్న చోట సు మీద రాగం తీశారనుకోండి, కొడుకు కాస్తా సూతుడై రథం తోలుతాడు. భారత నాటకంలో, అదీ కర్ణుడి పాత్ర దగ్గర, ఈ తప్పు ఎంత దూరం పోతుందో చెప్పనక్కర్లేదు. ఒత్తులు, శ-ష-స తేడాలు, ణ, ళ రోజువారీ మాటల్లో ఎవరం పట్టించుకోం, పద్యంలో మాత్రం ధర్మం "దర్మం" కాకూడదు. ఫోన్‌లో రికార్డు చేసి, ఆ పద్యం తెలియని మనిషికి వినిపించండి. ఏ మాట అర్థం కాలేదంటే దాన్ని పట్టుకోండి.

సెలెక్షన్ రోజు రెండు గంటల ముందే తేలికగా తిని, గోరువెచ్చని నీళ్లు పట్టుకెళ్లండి. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకునే అలవాటు ఉంటే సరే, లేనివాళ్లు ఆ రోజే మొదలుపెట్టొద్దు, వగరుకు నోరు ఎండుతుంది. టైల్స్ వేసిన ఖాళీ హాల్లో శబ్దం తిరిగి కొడుతుంది, అందుకని మాట మాటకూ కాస్త ఎడం ఇవ్వండి. హార్మోనిస్టు షడ్జమం ఇచ్చాక ఒక్క క్షణం ఆగి శృతిలో కలిశాకే ఎత్తుకోండి. పాదానికీ పాదానికీ మధ్య ఆయన వాయిస్తున్నప్పుడు మీద పడకండి. అప్పుడు చేతులు జేబుల్లోకో, చూపు నేలకో పోతే పాత్ర పోయినట్టే. పద్యానికి తాళం లేదు, పాటకు ఉంది. కాబట్టి పాట అడిగితే ఆది తాళంలో బాగా వచ్చినదే పాడండి. చిందు యక్షగానం పద్ధతిలో ఆడే నాటకమైతే అడుగు కూడా చూస్తారు, గజ్జెలుంటే వెంట తీసుకెళ్లండి.

డైలాగు కాగితం అప్పటికప్పుడు చేతిలో పెడతారు. ఒకసారి మనసులో చదువుకుంటానని అడగడం తప్పు కాదు. పక్కవాడి ఆఖరి మాట, అంటే అందింపు, వినబడ్డాకే మీది అందుకోండి.

సెలెక్షన్ నుంచి తిరిగి వచ్చేముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: రిహార్సళ్లు వారానికి ఎన్ని రోజులు, ఎన్ని గంటలకు ముగుస్తాయి, డ్రెస్సులు, మేకప్, హార్మోనియం ఖర్చు ఎవరిది. కొన్ని సమితుల్లో పాత్రధారులే పంచుకుంటారు, ఈ మాట తర్వాత బయటపడి తగాదాలయ్యేది ఎక్కువ. జనగామ నుంచో, కరీంనగర్ నుంచో వచ్చేవాళ్లు తిరుగు బండి సమయం ముందే చెప్పేయాలి. పెద్ద పాత్ర రాకపోతే ద్వారపాలకుడో, ప్రాంప్టింగో ఇస్తామంటారు. ప్రాంప్టింగ్ ఒప్పుకోండి. రోజూ పుస్తకం పట్టుకుని కూర్చుంటే అందరి పోర్షన్లూ నోటికొస్తాయి, రిహార్సల్‌కు ఎవరైనా రానినాడు ఆ చోట నిలబెట్టేది మిమ్మల్నే.