ఎమ్మెస్సీ నర్సింగ్‌కి ఆన్‌లైన్ క్లాసు: ఒక్క కేసు పట్టుకుని చెప్పండి

ఆన్‌లైన్ క్లాసులో గంటసేపు పీపీటీ చదవడం దయచేసి మానెయ్యండి. వింటున్నవాళ్లు బీఎస్సీ అయ్యి, వార్డులో డ్యూటీలు చేసొచ్చిన నర్సులు. థియరీని పదిహేను నిమిషాల వీడియో చేసి రెండు రోజుల ముందే వాట్సాప్ గ్రూపులో పెట్టేసి, లైవ్ టైమంతా కేసుకే ఉంచండి. చేత్తో చేసే పని మాత్రం వార్డులోనే నేర్పాలి, దానికి ఆన్‌లైన్ సరిపోదు.

శ్రీకాకుళంలో ఉండి కేసు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఉంది. కేసంతా ఒకేసారి ఇవ్వకుండా ముక్కలుగా ఇవ్వండి. జీడితోటలో పనిచేసే మనిషి, ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు), డయాలసిస్ మొదలై రెండు గంటలైంది, కాళ్లు పట్టేస్తున్నాయి, కళ్లు తిరుగుతున్నాయంటున్నాడు, బీపీ 80/50. ముందు ఏం చేస్తారు? అడిగాక ఆగండి. ఎవరూ పలకలేదని మీరే జవాబు చెప్పేస్తే ఇంక ఆ రోజు ఎవరూ నోరు తెరవరు. చాట్‌లో రాయమనండి. అల్ట్రాఫిల్ట్రేషన్ (మిషన్ ఒంట్లోంచి నీరు లాగడం) ఆపడం, కాళ్లు ఎత్తి పెట్టడం, ప్రోటోకాల్ ప్రకారం సెలైన్, డాక్టరుకి కబురు, ఇవన్నీ వచ్చాకే రెండో ముక్క ఇవ్వండి: పోయిన డయాలసిస్ నుంచి నాలుగు కిలోలు పెరిగాడు, పొద్దున్న బీపీ మాత్ర వేసుకునే వచ్చాడు. పీజీ స్థాయి చర్చ ఇక్కడే మొదలవుతుంది: డ్రై వెయిట్ (ఎక్కువైన నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు) మళ్లీ చూడాలా, మాత్ర ఏ వేళకి మార్చమని డాక్టర్ని అడగాలి, దానికి ఆధారం ఏ పేపర్లో ఉంది?

తర్వాత నలుగురేసి బ్రేకవుట్ రూముల్లోకి పంపండి. ఒకరు డాక్టరుకి ఫోన్ చేసినట్టు ఎస్‌బార్ పద్ధతిలో (పరిస్థితి, నేపథ్యం, అంచనా, ఏం కావాలి అనే వరుసలో) నిమిషంలో చెప్పాలి, మిగతావాళ్లు ఏం వదిలేశారో పట్టుకోవాలి.

పైన చెప్పిన మనిషి కల్పితం. మీరు నిజం కేసు తెస్తే పేరు తీసేసినంత మాత్రాన చాలదు, చిన్న ఊళ్లలో ఊరూ పనీ వయసూ కలిస్తే ఎవరో ఇట్టే తెలిసిపోతుంది, కాబట్టి అవీ మార్చండి. రిపోర్టు ఫొటోలు అసలు వద్దు.

నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్లని కెమెరా ఆన్ చెయ్యమని సతాయించకండి. సిగ్నల్ అందనివాళ్లకి ఆడియో రికార్డింగ్ పంపండి.

మార్కులకి బిట్ పేపర్ వద్దు. పేషెంటు భార్యకి రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో చెబుతున్నట్టు మూడు నిమిషాల ఆడియో పంపమనండి. చోడి (రాగి) అంబలి, మజ్జిగ, చారు కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయని చెప్పారా? పెరట్లో కాసిన కొబ్బరి బొండంలో పొటాషియం ఎక్కువని, అది ఎందుకు ప్రమాదమో ఆవిడకి అర్థమయ్యేలా చెప్పారా? సగం మార్కులు ఈ రెండింటికే వెయ్యండి.