ఫిల్టర్ ఉన్నా ఔట్‌లెట్‌లో మైక్రోప్లాస్టిక్: సమస్య - పరిష్కారం

మురుగునీటి శుద్ధి ప్లాంటులో ఫిల్టర్ దాటి ఔట్‌లెట్‌కు వచ్చిన నీటిలో మైక్రోప్లాస్టిక్ లెక్క పెరగ్గానే అందరూ మెష్ (ఫిల్టర్ జల్లెడ) మార్చేస్తారు. ఆగండి, ముందు బ్లాంక్ (ఉత్త నీటి పరీక్ష) చూశారా? వడకట్టిన శుద్ధ నీటిని అవే సీసాల్లో పోసి, అదే పద్ధతిలో లెక్కపెట్టండి. అందులోనూ పోగులు కనిపిస్తే అవి మురుగునీటివి కావు, శాంపిల్ తీసినవాళ్ల పాలిస్టర్ చొక్కా లాంటివాటివి. కాటన్ కోటు, గాజు సీసా, లోహపు మూత ఉంటే చాలు. ఈ చిన్న పని వదిలేసి కొత్త ప్యానెళ్లు (మెష్ బిగించిన పలకలు) కొనేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది.

సమస్య: ముక్కలు, పోగులు అన్నీ వస్తున్నాయి, పెద్దవి కూడా.
కారణం: నీరు ఫిల్టర్ పక్కనుంచి పోతోంది. బైపాస్ వాల్వ్ పూర్తిగా మూసుకోలేదు, లేదా ప్యానెల్ రబ్బరు సీల్ చిట్లింది.
పరిష్కారం: వాల్వ్ సరిచేసి, ట్యాంకు ఖాళీ చేసి ప్యానెళ్లను ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి చూడండి.

సమస్య: ముక్కలు లేవు, పోగులే. అదీ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ.
కారణం: అసలు దొంగ ఇదే. బట్టలు ఉతికిన నీటిలో వచ్చే పోగు పొడవు వందల మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉన్నా, మందం చాలావాటికి 10-20 మైక్రాన్లే. 20 మైక్రాన్ల మెష్‌కు అడ్డంగా తగిలితే ఆగుతుంది. నిలువుగా వస్తే సూదిలా దూరిపోతుంది. దాన్ని పట్టేది నిజానికి మెష్ కాదు, దాని మీద పేరుకున్న మడ్డి పొర. బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి కొట్టి ఫిల్టర్‌ను కడగడం) ఆ పొరనే కడిగేస్తుంది. అందుకే బ్యాక్‌వాష్ అవ్వగానే తీసిన శాంపిల్ ఒకలా, ఆలస్యంగా తీసింది ఇంకోలా ఉంటాయి. లాగ్‌బుక్‌లో బ్యాక్‌వాష్ టైమూ, శాంపిల్ టైమూ పక్కపక్కన రాయండి, గుట్టు బయటపడుతుంది. లెక్క పెరిగిందని బ్యాక్‌వాష్ ఇంకా తరచుగా పెడతారు చూడండి, అక్కడే కథ అడ్డం తిరుగుతుంది.
పరిష్కారం: బ్యాక్‌వాష్‌ను టైమర్‌తో కాకుండా ఫిల్టర్‌కు అటూ ఇటూ నీటిమట్టం తేడా చూసి నడపండి. ఇసుక ఫిల్టరైతే కడిగాక మొదట వచ్చే నీటిని ఇన్‌లెట్‌కు తిప్పండి. ఫిల్టర్‌కు ముందు పటికో ఫెర్రిక్ క్లోరైడో వేస్తే పోగులు ముద్దకట్టి ఆగుతాయి. డోసు మాత్రం జార్ టెస్ట్ (జాడీల్లో వేర్వేరు డోసులు వేసి చూసే పరీక్ష) చేశాకే. శాంపిల్‌ను ఒక బ్యాక్‌వాష్ నుంచి మరోదాని దాకా కొంచెం కొంచెంగా తీసి కలపండి.

బ్యాక్‌వాష్ నీరు తేరకుండా తిరిగి ఇన్‌లెట్‌కు చేరుతుంటే ఆ పోగులే తిరుగుతుంటాయి, అదీ చూడండి. మెష్ తానే అరిగి రాలడం అరుదు. పైవన్నీ చూశాకే దాని జోలికి వెళ్లండి.