రోహిణీ కార్తెలో గేమింగ్ పీసీ: వేడి, ఉప్పుగాలి, కరెంటు

నెల్లూరులో మే నెల మూడు గంటల వేళ గదిలో 38 డిగ్రీలు ఉందనుకోండి. ఆ గదిలో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ప్రాసెసర్ 38 కన్నా చల్లబడదు. ఫ్యాను చేసేది గది గాలిని చిప్పు మీదికి తోయడమే. అందుకే కొత్త గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు పెట్టే ముందు గదినీ, గోడలోని ప్లగ్గునీ సరిచేసుకోండి. అవి అలాగే ఉంటే కొత్త కార్డు కూడా అదే వేడికి మందగిస్తుంది, అదే ప్లగ్గుకు కాలిపోతుంది.

మొదట కొలత

రెండు మూడు వందల రూపాయలకు దొరికే గది థర్మామీటరు ఒకటి తెచ్చి క్యాబినెట్ ముందు భాగంలో, గాలి లోపలికి వెళ్ళే ఎత్తులో పెట్టండి. పీసీలో చిప్పుల వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం వేసుకోండి, అది ఉచితం. మీ దగ్గరున్న వాటిలో బరువైన గేమును మధ్యాహ్నం మూడింటికి అరగంట, తెల్లారి ఆరింటికి మరో అరగంట ఆడి, రెండుసార్లూ గది వేడి, ప్రాసెసర్ వేడి, కార్డు వేడి, కార్డు హాట్‌స్పాట్ (కార్డు చిప్పులో అన్నిటికన్నా వేడెక్కే చోటు), క్లాక్ వేగం (చిప్పు పనిచేసే వేగం) కాగితం మీద రాసుకోండి.

గది వేడికీ చిప్పు వేడికీ మధ్య తేడా ఇంచుమించు మారదు. 25 డిగ్రీల గదిలో 68 చూపించే కార్డు 38 డిగ్రీల గదిలో 81 చూపిస్తుంది. సంక్రాంతి సెలవుల్లో చూసుకున్న అంకెలు ఎండాకాలంలో ఎందుకు పనికిరావో ఇక్కడ తెలుస్తుంది. చిప్పులు తట్టుకునే వేడి హద్దులు ఇవి: ఏఎండీ ప్రాసెసర్లలో రైజెన్ 5000 వరసలో చాలా వాటికి 90, రైజెన్ 7000 వరసలో చాలా వాటికి 95, ఇంటెల్‌లో ఎక్కువ వాటికి 100, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకు 93. హద్దు దగ్గరపడేకొద్దీ చిప్పు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఆటలో ఉన్నట్టుండి వచ్చే కుదుపులకు ఇది ముఖ్య కారణం. హాట్‌స్పాట్ మామూలు కార్డు వేడి కన్నా 25 డిగ్రీలకు పైగా ఎక్కువుంటే తప్పు గదిది కాదు, కార్డులోని థర్మల్ పేస్టు (చిప్పు వేడిని పైనున్న లోహానికి చేరవేసే ముద్ద) ఎండిపోయి ఉండవచ్చు.

ప్లేస్టేషన్ 5 వాడేవాళ్ళు ఒక అంకె గుర్తుంచుకోండి. తయారీదారు చెప్పిన పరిసర ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. ఏసీ లేని గదిలో మే మధ్యాహ్నం ఆ హద్దు దాటినట్టే.

గది

పైన ఇంకో అంతస్తు లేని మిద్దె ఇంట్లో స్లాబు పగలంతా ఎండ తాగి, చీకటి పడ్డాక ఆ వేడిని కిందికి వదులుతుంది. బయట చల్లగాలి తిరిగినా రాత్రి ఎనిమిదింటికి గది ఉడుకుతూనే ఉంటుంది. ఆడుకోవడానికి మంచి వేళ తెల్లారి అయిదు నుంచి తొమ్మిది దాకా. ఆ వేళ కుదరనివాళ్ళు మిద్దె మీద సున్నమో, తెల్లటి కూల్‌రూఫ్ పెయింటో వేయించుకుంటే తేడా చేత్తో తాకితేనే తెలుస్తుంది. ఇంట్లో అందరికీ పనికొచ్చే ఖర్చు కాబట్టి పెద్దవాళ్ళను ఒప్పించడం కూడా తేలికే.

మూడు వందల వాట్లు తాగే పీసీ ఆ మూడు వందల వాట్లనూ వేడిగా గదిలోకే వదులుతుంది. తలుపులూ కిటికీలూ మూసి ఆడితే చిన్న హీటరు పెట్టుకున్నట్టే. ఒక టన్ను ఏసీ లాగేసే వేడి సుమారు మూడున్నర కిలోవాట్లు, అందులో పీసీ వాటా పదో వంతు కూడా కాదు. అంటే ఏసీకి పీసీ పెద్ద భారం కాదు. ఏసీ లేకపోతే ఒక కిటికీ తెరిచి, ఎదుటి గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టండి.

నీళ్ళ కూలరు గురించి జాగ్రత్త. కనిగిరి, పొదిలి వైపు పొడిగాలికి అది బాగా పనిచేస్తుంది. సముద్రం ఒడ్డున మైపాడు, కొత్తపట్నం వైపు గాలిలో ముందే తేమ ఉంటుంది గనక చల్లదనం తక్కువ, ఉక్కపోత ఎక్కువ. ఎక్కడైనా సరే, కూలరు గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకూడదు. తుంపరతో పాటు నీళ్ళలోని ఉప్పు కూడా బోర్డు మీదికి చేరుతుంది.

క్యాబినెట్‌ను నేల నుంచి అడుగు ఎత్తులో, వెనక గోడకు కనీసం నాలుగు అంగుళాల ఎడంతో పెట్టండి. కంప్యూటర్ టేబుల్ అరలో, వెనక చెక్క మూసి ఉన్నచోట పెడితే వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. ఆ చెక్కను ఊడదీయండి, టేబుల్ ఏమీ పాడవదు.

దుమ్ము, ఉప్పు

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పొడి, సముద్రం ఒడ్డున ఉప్పుగాలి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పీసీలను తినేసేవి ఇవే. రాతిపొడి గరుకుగా ఉంటుంది, ఫ్యాను బేరింగులోకి దూరితే ముందు గరగరమని మోత, తర్వాత ఫ్యాను ఆగిపోవడం. ఉప్పు గాలిలోని తేమను లాగి దుమ్ముకు అంటుకుంటుంది. ఆ తడి దుమ్ము కొద్దిగా కరెంటును పారనిస్తుంది, లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. ముందు పాడయ్యేవి యూఎస్‌బీ పోర్టులు, ర్యామ్ పళ్ళు, కార్డు వెనక పట్టీ.

ఫ్యాన్లు ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి తిప్పండి. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి గాలి బయటికి పోతుంది, దుమ్ము లోపలికి రాదు. ముందు వైపు సన్నటి నైలాన్ జాలీ ఉండాలి. కిటికీలకు వేసే దోమల జాలీ కత్తిరించి వాడినా పనవుతుంది. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి జాలీ కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ పెట్టండి.

లోపల శుభ్రం చేయడం మూడు నెలలకోసారి చాలు. క్వారీ రోడ్డు పక్కన ఉంటే నెలకోసారి. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన ఛార్జి పోతుంది. క్యాబినెట్‌ను వరండాలోకి తెచ్చి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే చిన్న బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ప్రతి ఫ్యాను రెక్కనూ వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి గిర్రున తిరిగితే బేరింగు దెబ్బతింటుంది. మొండి దుమ్ముకు ఒక అంగుళం పెయింటు బ్రష్షు, అదీ జంతువుల వెంట్రుకలది. ప్లాస్టిక్ పోగులది స్టాటిక్ పుట్టిస్తుంది. ర్యామ్ తీసి దాని బంగారు పళ్ళను తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సీసా మీద 99 శాతం అని ఉన్నది కొనండి. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్ళు కలిసి ఉంటాయి. శానిటైజర్ జెల్ అసలే వద్దు, జిగురు మిగిలిపోతుంది. పీసీకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఛార్జి ఉండవచ్చు. బయటి నుంచి ఊదితే సరిపోతుంది.

పేస్టు మార్చేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) రైజెన్‌లో ప్రాసెసర్ మీది కూలరును నిటారుగా పైకి లాగితే గట్టిపడిన పేస్టుతో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. ముందు పది నిమిషాలు గేమ్ ఆడి పేస్టును వేడెక్కించండి. తర్వాత పీసీ ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు విప్పి, కూలరును కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ వదులు చేసి అప్పుడు ఎత్తండి. పాత పేస్టు తుడిచి, మధ్యలో కందిగింజంత కొత్తది పెట్టండి. స్క్రూలు ఎదురుబొదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు వెళితే పేస్టు ఒకవైపే పరుచుకుంటుంది.

డబ్బు ఖర్చు లేని పది డిగ్రీలు

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం వేసి కార్డు పవర్ లిమిట్‌ను, అంటే అది తాగే కరెంటు హద్దును 80 శాతానికి తగ్గించండి. సెకనుకు తెర మీదికి వచ్చే బొమ్మలు, అంటే ఫ్రేములు తగ్గేది కొంచెమే, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. చివరి అయిదారు ఫ్రేముల కోసం కార్డు తాగే కరెంటు మొదటి ముప్పై ఫ్రేముల లెక్కన ఉండదు, చాలా ఎక్కువ. అదీ దీని వెనకున్న సంగతి. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో గరిష్ఠ ఫ్రేములను 60కి కట్టేయండి. తెర చూపించలేని ఫ్రేములను తయారుచేస్తూ గదిని వేడెక్కించడంలో లాభం లేదు. ల్యాప్‌టాప్‌లో విండోస్ పవర్ ఆప్షన్లకు వెళ్ళి, గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 100 నుంచి 99కి దించితే ప్రాసెసర్ మామూలు వేగాన్ని మించి పరుగెత్తే టర్బో ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ వెనక అంచు కింద రెండు సీసా మూతలు పెట్టినా గాలి బాగా ఆడుతుంది.

కరెంటు

క్యాబినెట్ తాకితే జివ్వుమంటోందా? అది ఎర్తు లేదనడానికి గుర్తు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కెపాసిటర్ల వల్ల, ఎర్తు దొరకనప్పుడు బయటి డొక్కు మీద సుమారు సగం వోల్టేజీ, అంటే 115 దాకా తేలుతుంది. చెప్పులు వేసుకుని ఆడటం దీనికి మందు కాదు. ఆ వోల్టేజీతోనే హెచ్‌డీఎంఐ వైరు టీవీకి గుచ్చితే రెండు వైపులా పోర్టు కాలవచ్చు. ముఖ్యంగా టీవీకి కేబుల్ కనెక్షన్ వైరు కూడా ఉన్నప్పుడు.

మల్టీమీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి ప్లగ్గులో మూడు కొలతలు తీయించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 చుట్టుపక్కల, ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. రెండోది వందకు దిగిపోతే ఎర్తు వైరు ఎక్కడో తెగింది, లేదా అసలు వేయనేలేదు. ఈ కొలతలు అలవాటు లేనివాళ్ళు ఎలక్ట్రీషియన్ చేతనే తీయించాలి. ఎర్తు గుంత ఉన్న ఇళ్ళలో ఎండాకాలం వారానికి రెండు బిందెల నీళ్ళు పోయండి. నేల ఎండిపోతే ఎర్తు పనిచేయదు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరులో దూర్చడం మానేయండి.

లో వోల్టేజీ గురించి భయపడక్కర్లేదు. సాయంత్రం మోటార్లూ రొయ్యల చెరువుల ఏరియేటర్లూ ఒక్కసారే తిరిగి వోల్టేజీ 170కి పడినా, 100–240 అని రాసి ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్ నడుస్తూనే ఉంటుంది. దానికి స్టెబిలైజరు వేయడం డబ్బు దండగ. అసలు ప్రమాదం గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగినప్పుడు. అప్పుడు ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. స్పైక్ గార్డు క్షణకాలం వచ్చే పోటును ఆపుతుంది తప్ప ఇలా నిలబడి వచ్చే హై వోల్టేజీని ఆపలేదు. మీటరు బోర్డులో ఎంసీబీల పక్కన ఓవర్–అండర్ వోల్టేజీ ప్రొటెక్టరు ఒకటి పెట్టించి, పైహద్దు 270కి, కరెంటు తిరిగి ఇచ్చే ఆలస్యం రెండు మూడు నిమిషాలకు కట్టించండి. ఫ్రిజ్జు, టీవీ కూడా దక్కుతాయి.

యూపీఎస్ మీద రాసిన వీఏను 0.6తో గుణిస్తే సాధారణంగా వాట్లు వస్తాయి. 600 వీఏ అంటే 360 వాట్లే. 3060 లాంటి కార్డున్న పీసీ, మానిటర్ కలిపి మూడు వందలు దాటుతాయి, కార్డు ఒక్కసారిగా ఎక్కువ లాగితే ఆ 600 వీఏ యూపీఎస్ ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోతుంది. 1000 వీఏ తీసుకోండి. కరెంటు పోయాక అది ఇచ్చేది కొన్ని నిమిషాలు, సేవ్ చేసుకుని ఆపడానికి మాత్రమే. లెడ్ బ్యాటరీ ఆయుష్షు 25 పైన ప్రతి ఎనిమిది పది డిగ్రీలకూ సగమవుతుంది. గది సగటున 33 ఉంటే నాలుగేళ్ళు రావాల్సింది రెండేళ్ళకే పోతుంది. దాన్ని టేబుల్ కింద మూలకు నెట్టకుండా గాలి ఆడేచోట ఉంచండి.

ఇంటి ఇన్వర్టరు మీదే ఆడాలంటే అది సైన్‌వేవ్‌ది కావాలి, వెనకున్న స్విచ్చు యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. మామూలు మోడ్‌లో మారేందుకు పట్టే సమయం ఎక్కువ, ఈలోపే పీసీ ఆగిపోతుంది. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరు లైన్‌కు యూపీఎస్ తగిలిస్తే, ఆ కరెంటును అది మంచిదిగా గుర్తించక మాటిమాటికీ తన బ్యాటరీకి మారి ఖాళీ చేసుకుంటుంది.

బల్లులు, వానాకాలం

వెనక ఖాళీ స్లాట్ల పట్టీలు తీసేసి వదిలేస్తే వెచ్చదనానికి బల్లి దూరుతుంది. బోర్డు మీద రెండు చోట్ల ఒకేసారి కాలు పెడితే షార్టయి బోర్డు పోవచ్చు. ప్రతి కంతకూ పట్టీ లేదా జాలీ ఉండాలి. చీమల కోసం లక్ష్మణరేఖ గీత బల్ల కాళ్ళకు గీయండి, క్యాబినెట్‌కు వద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. రోజుల తరబడి పీసీ ఆపి ఉంచితే లోపల తేమ పడుతుంది. రోజూ అరగంట ఆన్ చేస్తే ఆ వేడికే ఆరుతుంది. ఏసీలో 22 డిగ్రీలకు చల్లబడ్డ పీసీ ఉన్న గది కిటికీలు వెంటనే తెరవకండి. బయటి తేమ చల్లటి లోహం మీద నీటి బొట్లుగా దిగుతుంది.

ఉరుము వినిపించగానే పీసీ ప్లగ్గుతో పాటు రౌటరు అడాప్టరు, ల్యాన్ వైరు కూడా తీసేయండి. ఫైబర్ తీగలో పిడుగు కరెంటు రాదు, కానీ రౌటరు అడాప్టరులోంచి ల్యాన్ వైరు మీదుగా మదర్‌బోర్డుకు చేరుతుంది. తుపాను తర్వాత కరెంటు వచ్చినా పదిహేను నిమిషాలు ఫ్యాను, లైటు మాత్రమే వేసి చూడండి. లైటు వెలుగు ఎగసిపడకుండా నిలకడగా ఉంటేనే పీసీ ప్లగ్గు పెట్టండి, ఎగసిపడుతుంటే మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.