చెరకు ట్రక్కు ఊపు ఎలా ఆగిందంటే

రాజాం నుంచి పాలకొండ వైపు చెరకు లోడుతో వెళ్తుంటే, కాస్త స్పీడ్ అందుకోగానే ట్రాక్టర్ వెనక తగిలించిన రెండు చక్రాల ట్రక్కు అటూ ఇటూ ఊగి ట్రాక్టర్‌ని కూడా లాగేసేది. టైర్లలో గాలి చూశాను, బాగానే ఉంది. చూస్తే కట్టలన్నీ ఇరుసుకి వెనకే పడ్డాయి, దాంతో ముందు హుక్కు పైకి లేస్తూ ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు తగ్గిపోతోంది. బరువు ఇరుసు మీదకీ, దానికి కొంచెం ముందుకీ సర్దించాను, ఊపు ఆగింది.

హుక్కు పిన్నుకి లాక్ క్లిప్పు, తోడుగా గొలుసు వేశాను. దుక్కిలో విడదీసిన ట్రాక్టర్ రెండు బ్రేకు పెడళ్ళు (ఎడమ, కుడి చక్రాలకు చెరొకటి) రోడ్డెక్కే ముందు కలిపి లాక్ చేయాలి, మనోళ్ళు ఎక్కువగా మరిచేది ఇదే, ఒక్కవైపు బ్రేకు పడితే బండి తిరగబడుతుంది!

ఓవర్‌లోడ్ అయితే మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకి ఇంకో 2,000. ట్రక్కుకి రిజిస్ట్రేషన్ కూడా విడిగా ఉండాలి, రాత్రయితే వెనక లైట్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు లేకుండా కదలొద్దు.